స్టేజీ అదురుకి జలతరంగం కప్పుల్లో నీళ్ళు చిందుతున్నాయి, ఏం చేయాలి?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. మా దసరా పందిట్లో మహర్నవమి రాత్రి జలతరంగం (నీళ్ళు పోసిన పింగాణీ కప్పుల్ని పుల్లలతో కొట్టి వాయించేది), తప్పెటగుళ్ళు ఒకే స్టేజీ మీద కలిపి పెడుతున్నాం. విడివిడిగా రెండూ చాలా బాగున్నాయి, కలిపితేనే సమస్య.

తప్పెటగుళ్ళ వాళ్ళు 12 మంది. గుండెల మీద తప్పెట వాయిస్తూ, కాళ్ళకు గజ్జెలతో అందరూ ఒక్కసారే ఎగురుతారు. ఆ ఎగరడమే ఆ కళకి అందం కాబట్టి తగ్గించమని నేను అడగలేను. స్టేజీ ఇనప పైపుల మీద చెక్క పలకలు వేసి కట్టింది, 24 అడుగులు బై 16. ఎగరడం మొదలైన ఐదారు నిమిషాలకే 16 పింగాణీ కప్పుల్లో ఎడమవైపు పెద్దవి నాలుగు, అంటే దాదాపు అంచు దాకా నీళ్ళున్నవి, చిందిపోతున్నాయి. నీళ్ళు తగ్గగానే శ్రుతి పైకి పోతోంది, కింది పంచమం (కింది స్థాయి ‘ప’ స్వరం) అయితే ఎవరికైనా తెలిసిపోయేంత తేడా. మధ్యలో నీళ్ళు పోసి సరిచేసే టైం ఉండదు.

మూడు రిహార్సల్స్‌లో ఇవన్నీ చేశాం: కప్పుల కింద రెండంగుళాల థర్మోకోల్ వేస్తే ఏ తేడా లేదు. బొంత మడత పెట్టి వేస్తే కప్పులు ఒరిగి ఇంకా ఎక్కువ చిందాయి. స్టేజీ మూలకి జరిపితే పది నిమిషాలు ఆగింది, అంతే. కింద నేల మీద కూర్చోబెడితే అసలు అదురే లేదు కానీ వెనక వరసల వాళ్ళకి వాయించే చేతులు కనపడవు, చూడాల్సింది అవే కదా.

ఇంకా నాలుగు రోజులే ఉంది. కప్పుల్ని స్టేజీ ఎత్తులోనే ఉంచి, ఆ అదురు వాటికి తగలకుండా కింద ఏం వేయాలి, లేదా ఎలా కట్టాలి?