రిమాండ్‌లో ఉన్నవాడికి ఓటు ఎందుకు లేదు?

రమణ, తెనాలి:
మా తమ్ముడు రిమాండ్‌లో ఉన్నాడు, ట్రయల్ ఇంకా మొదలవలేదు. మొన్న ములాఖత్‌లో జాలీ అవతలి నుంచి అరిచి మరీ అడిగాడు, "అన్నా, నా ఓటు ఉందా, పోయిందా?" అని. పక్కన అందరూ అరుస్తుంటే సగమే వినపడింది. ఎస్కార్టు పోలీసులు లేరని వాయిదాకి తీసుకెళ్లరట. జైళ్లు రాష్ట్రం చేతిలోవే కదా, మరి ఎమ్మెల్యేని ఎన్నుకునే హక్కు వీళ్లకెందుకు లేదు?

లాయర్ గారి అబ్బాయి:
1951 ప్రజాప్రాతినిధ్య చట్టం, సెక్షన్ 62(5) అండీ. శిక్ష పడినా పడకున్నా లోపలుంటే ఓటు వేయనివ్వరు. 1997లో సుప్రీంకోర్టు కూడా అది సరేనంది. పీడీ యాక్ట్ కింద, అంటే ముందు జాగ్రత్తగా నిర్బంధంలో ఉన్నవాళ్లకి మాత్రం పోస్టల్ బ్యాలెట్ ఉంది! రిమాండ్ ఖైదీ పోటీ అయితే చేయొచ్చు. 2024లో కశ్మీర్ నేత ఇంజినీర్ రషీద్ తీహార్ జైల్లో ఉండే బారాముల్లాలో ఎంపీగా గెలిచారు. ఇదేం లెక్కో నాకైతే అర్థం కాదు.

సుధ, బోస్టన్:
ఇక్కడ అమెరికాలో మెయిన్, వెర్మాంట్ అనే రాష్ట్రాల్లో శిక్ష పడ్డవాళ్లూ జైలు నుంచే ఓటేస్తారు, అదీ సొంతూరి చిరునామా మీద. మా మసాచుసెట్స్‌లోనూ ఉండేది. 1997లో ఖైదీలు రాజకీయ కమిటీ పెట్టుకున్నారు, 2000లో జనంతో ఓటింగ్ పెట్టి హక్కు తీసేశారు. నోరు లేచిందని నొక్కేశారన్నమాట.

లాయర్ గారి అబ్బాయి:
రమణ గారూ, అసెంబ్లీలో పిటిషన్ల కమిటీ ఉంటుంది. ఎస్కార్టు సంగతి తేదీలతో రాసివ్వండి. బెయిల్ వస్తే ఓటు మామూలే, జాబితాలో పేరుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

రమణ, తెనాలి:
పేరుందండీ. వాయిదా తేదీలు మా వదిన రాసి పెట్టింది, పంపిస్తాం.