డస్టును రోబో ఇసుక అనవచ్చునా?

హనుమకొండ ఇంటివాడు: బిల్లులో రోబో ఇసుక అని ఉన్నది, సుతారి (తాపీ మేస్త్రీ) మాత్రం దానిని డస్టు అంటున్నాడు. దానితో గిలాబు (ప్లాస్టరింగు) చేయించిన గోడల మీద నెల తిరగకముందే సన్నని నెర్రెలు కనిపించాయి. ఈ రెండూ ఒకటేనా?

సైటు ఇంజినీరు: కావు. కంకర కొట్టేటప్పుడు మిగిలే పొడి డస్టు. ఇసుక కోసమే రాయిని వీఎస్‌ఐ అనే, వేగంగా విసిరి పగలగొట్టే యంత్రంలో మళ్లీ కొట్టి, గింజల అంచుల పదును తగ్గించి, మెత్తటి పొడిని కడిగో జల్లించో తీసివేస్తే వచ్చేది రోబో ఇసుక. భారత ప్రమాణం ఐఎస్ 383 (2016) ప్రకారం 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి ఇటువంటి ఇసుకలో 15 శాతం, నది ఇసుకలో 3 శాతం మించరాదు.

క్రషర్ లారీ: అది కాంక్రీటు నియమం, ఈయన అడిగింది గిలాబు గురించి.

మానేరు ఒడ్డు: గోదావరి ఇసుకకు ఏదీ సాటిరాదు.

సైటు ఇంజినీరు: గిలాబు ఇసుకకు ఐఎస్ 1542 వేరే ఉన్నది, సరే. అయినా పొడి ఎక్కువైతే మాలు నీళ్లు ఎక్కువ అడుగుతుంది, ఆ నీళ్లు ఆరినకొద్దీ గిలాబు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. గాజు గ్లాసులో కొంత ఇసుక, నీళ్లు పోసి కలిపి కదపకుండా ఉంచండి, పైన పేరుకునే బురద పొర మందమే జవాబు చెబుతుంది.

క్రషర్ లారీ: ఎండలో క్యూరింగు (గోడను తడిపి ఉంచడం) సరిగా చేయకపోయినా నెర్రెలు వస్తాయి. ఇక్కడ అందరూ డస్టునే రోబో అంటారు. నది ఇసుక ధర విని, తక్కువలో వచ్చేది దించమనేది మీలాంటి ఇంటివారే కదా!

హనుమకొండ ఇంటివాడు: పొద్దున, సాయంత్రం పైపు పట్టింది నేనే. తక్కువలో దించమన్నాను గానీ పేరు మార్చి దించమనలేదు. అమ్ముకునేవారికి క్యూరింగు గుర్తుకొస్తుంది, బిల్లు గుర్తుకు రాదు.

క్రషర్ లారీ: డస్టు అని రాస్తే ఆ ధర ఎవరిస్తారండీ?

సుతారి కొడుకు: మీ ఇద్దరి కొట్లాట ధర గురించి, ఇసుక గురించి కాదు. ఏ ఇసుక దించాలో మా నాన్ననూ ఇంతవరకు ఎవరూ అడగలేదు, గోడ నెర్రెలిస్తే మాత్రం కూలి ఆగేది ఆయనకే. మీరు మీ సుతారికి కూలి పూర్తిగా ఇచ్చారా?

హనుమకొండ ఇంటివాడు: సగం ఆపాను. గిలాబు చెక్కి మళ్లీ చేయించే ఖర్చు మరి ఎవరు భరించాలి?

సుతారి కొడుకు: బిల్లు రాసినవారిని అడగండి. అది డస్టని చెప్పిన మనిషి కూలి ఎందుకు ఆపుతున్నారు?