ఒంటారియోలో కార్మికుల తరఫు భద్రతా సభ్యుడిని మేనేజర్ నియమించవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఒక గిడ్డంగిలో పనిచేస్తున్నాను. పార్ట్‌టైమ్ వారితో కలిపి మేము 34 మందిమి, యూనియన్ లేదు. ఉమ్మడి ఆరోగ్య, భద్రతా కమిటీలో కార్మికుల తరఫున నన్ను వేసినట్లు గత వారం మేనేజర్ చెప్పారు. ఇది చెల్లుతుందా? ఫోర్క్‌లిఫ్ట్‌లు తిరిగే దారిలోనే మనుషులూ నడవాల్సి వస్తోందని రెండుసార్లు నోటిమాటగా చెప్పినా, "చూద్దాం" అన్నారే తప్ప ఏమీ చేయలేదు. ఈ హోదాలో నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు 1:
చెల్లదు. ఆ రాష్ట్ర ఆరోగ్య, భద్రతా చట్టం 9వ సెక్షన్ ప్రకారం, క్రమంగా 20 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట కమిటీ తప్పనిసరి. 50 మందికి లోపైతే కనీసం ఇద్దరు సభ్యులు, 50 నుంచి కనీసం నలుగురు ఉండాలి. వీరిలో సగానికి తగ్గకుండా మేనేజర్ బాధ్యతలు లేని కార్మికులే ఉండాలి, వారిని ఎంచుకోవలసింది యూనియన్ ఉంటే యూనియన్, లేకుంటే కార్మికులు. తోటివారు చివరికి మిమ్మల్నే ఎంచుకోవచ్చు గాక, ఆ నిర్ణయం మాత్రం వారిదే కావాలి.

జవాబు 2:
ఫోర్క్‌లిఫ్ట్ దారి విషయంలో నోటిమాట మానేయండి. కమిటీ లిఖితపూర్వకంగా సిఫారసు పంపితే, యాజమాన్యం 21 రోజుల్లోగా లిఖితపూర్వకంగానే బదులివ్వాలి. ఒప్పుకుంటే ఎప్పటిలోగా అమలు చేస్తారో, ఒప్పుకోకపోతే ఎందుకో అందులో చెప్పాలి. యాజమాన్యం తరఫు సభ్యుడు కలిసిరాకపోతే ఏమిటని మీకు అనుమానం రావచ్చు. ఇరుపక్షాలకూ చెరొక సహాధ్యక్షుడు ఉంటారు కనుక, ఇద్దరే ఉన్న కమిటీలో సహజంగా మీరే సహాధ్యక్షులవుతారు. ఏకాభిప్రాయానికి చిత్తశుద్ధితో ప్రయత్నించినా కుదరనప్పుడు, సహాధ్యక్షుడు ఒక్కరే ఆ సిఫారసును పంపవచ్చు. నా దృష్టిలో ఈ చట్టం కమిటీకి ఇచ్చిన అసలు బలం ఇదే, చాలామంది వాడుకోనిదీ ఇదే.

జవాబు 3:
పై జవాబుకు చిన్న చేర్పు. ఇరుపక్షాల నుంచీ కనీసం ఒక్కొక్కరు శిక్షణ పొందిన సర్టిఫైడ్ సభ్యులై ఉండాలి, కాబట్టి ఇద్దరు సభ్యుల కమిటీలో మీకూ ఆ శిక్షణ ఇప్పించక తప్పదు. కార్మికుల తరఫు సభ్యుడు నెలకొకసారి పని ప్రదేశాన్ని తనిఖీ చేయాలి. ఆ దారిని తొలి తనిఖీలోనే నమోదు చేయండి. సమావేశం కనీసం మూడు నెలలకొకసారి జరగాలి, మినిట్స్ రాసి ఉంచాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ముందు ఎంపిక సంగతి తోటివారితో మాట్లాడతాను. తనిఖీ సమయానికి జీతం కోస్తారేమో, కక్ష కడతారేమో అని కొంచెం భయంగా ఉంది.

జవాబు 2:
కోయకూడదు. తనిఖీ, సమావేశం, దానికి ముందు సిద్ధం కావడానికి ఇచ్చే గంట, ఇవన్నీ పని సమయమే. చట్టం ప్రకారం నడుచుకున్నందుకు శిక్షించడాన్ని 50వ సెక్షన్ నిషేధిస్తుంది.