ఆడపిల్లల హాస్టల్లో బాత్రూం జాలీలు, వెంట్రుకలు: ఏదైనా దారి చెప్పండి

భీమవరం హాస్టల్ ఆంటీ:

అందరికీ నమస్కారం. మాది భీమవరం. కాలేజీ ఆడపిల్లలకి హాస్టల్ నడుపుతున్నాను. మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకి 4 బాత్రూములు, ఉండేది 40 మంది పిల్లలు. వంటమనిషి మానేసినా, మోటారు కాలిపోయినా ఎలాగో నెట్టుకొచ్చేస్తాను గానీ ఈ వెంట్రుకలతో మాత్రం వేగలేకపోతున్నానండి.

ఆదివారం వచ్చిందంటే అందరిదీ తలస్నానమే. పదకొండు దాటేసరికి పైనుంచి కేకలు మొదలు, "ఆంటీ, నీళ్ళు పోవట్లేదు" అని. వెళ్ళి చూస్తే పాదాలు మునిగేంత నురగ నీళ్ళు. పనమ్మాయి జాలీ ఎత్తి చెయ్యి పెడితే ముందు రబ్బరు బ్యాండు వస్తుంది. తర్వాత షాంపూ ప్యాకెట్ చింపిన కొస. దాని వెనక బూడిదరంగు జిగురు పట్టిన జడపాయ ఒకటి, లాగుతుంటే వస్తూనే ఉంటుంది, మధ్యలో ఎవరిదో బొట్టుబిళ్ళ అతుక్కుని. ఆ వాసనకి ఆ పిల్ల ఆ పూట అన్నం తినదు పాపం.

మొదట్లో బొద్దింకలు రాకుండా కప్పున్న స్టీలు జాలీలు వేయించాను. మా బోరు ఉప్పునీళ్ళకి అవి తుప్పు పట్టిపోయాయి. పైగా ఆ కప్పు కాడకే జుట్టు చుట్టుకుంటోంది. తర్వాత సన్నచిల్లుల ప్లాస్టిక్ జాలీలు తెచ్చి పైన పెట్టాను. వెంట్రుకలు పైనే ఆగాయి, సంతోషం. కానీ నలుగురు స్నానం చేసేసరికి చిల్లులన్నీ మూసుకుపోయి నీళ్ళు నిలబడుతున్నాయి. అయిదో పిల్ల ఏం చేస్తుంది? కాలి బొటనవేలితో జాలీని పక్కకి నెట్టేస్తుంది. అంతా లోపలికి! అడిగితే "అది నా జుట్టు కాదాంటీ" అంటుంది. 40 మందిలో ఎవరిదీ కాని జుట్టు అది.

బాత్రూములు కడిగే అబ్బాయి వారం వారం యాసిడ్ పోద్దామంటున్నాడు. పొయ్యొచ్చా? లేక అందరూ స్నానం చేసినా మూసుకుపోని జాలీ ఎక్కడైనా దొరుకుతుందా?

.

కాకినాడ కుర్రోడు:

అబ్బాయిల హాస్టల్‌గా మార్చేయండి ఆంటీ, గొడవ వదిలిపోద్ది.

.

తణుకు వదిన:

మా మరిది నడిపేది అబ్బాయిల హాస్టలే. అక్కడ గుట్కా ప్యాకెట్లు, ట్రిమ్మర్ గెడ్డం. మీకేం తెలుసు తమ్ముడూ.

.

పాలకొల్లు పైపుల మేస్త్రి:

అమ్మా, పాతికేళ్ళ నించి ఇదే పనండి నాది. జాలీ సంగతి తర్వాత, ముందొకటి సూడండి. నీళ్ళు ఆ ఒక్క బాత్రూంలోనే ఆగుతున్నాయా, అన్నిట్లోనా? ఒక్కదాంట్లోనే అయితే అది జుట్టే, నహానీ ట్రాపులోనే, అంటే జాలీ కిందుండే వంపు గిన్నెలోనే కూచుని ఉంటది. అలా కాకుండా కింద అంతస్తులో అన్నీ ఒకేసారి నెమ్మదించి, లెట్రిన్‌లో గుడగుడమని చప్పుడొస్తుంటే జుట్టు జోలికెళ్ళకండి. అది ఛాంబరో, సెప్టిక్ ట్యాంకో. మన డెల్టాలో వానాకాలం గొయ్యి తవ్వితే కాసేపటికే నీళ్ళూరతాయి కదండి, నేలే నానిపోయి ఉంటే ఇంకుడు గుంత ఇంకెక్కడ పీల్చుద్ది? దానికి తోడు సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా రోడ్డు లేస్తది, ఇల్లు పల్లమైపోద్ది. వీధి కాలవ నీళ్ళే లోపలికి ఎదురు తంతాయి. దానికి వంద జాలీలు మార్చినా దండగే.

ఇక జుట్టు సంగతి. నహానీ ట్రాపులో ఎప్పుడూ ఓ 2 అంగుళాల నీళ్ళు నిలబడి ఉండాలండి. పైపులోంచి వాసన, బొద్దింకలు పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. అందుకే అక్కడ వంపు పెడతారు, ఆ వంపులోనే జుట్టు ఆగుద్ది. అయితే ఊరికే ఆగదండి, పట్టుకోడానికి దానికేదో ఒకటి కావాలి. పైపు రంపంతో కోశాక అంచుకి పొట్టు లేస్తది. దాన్ని బ్లేడుతో గీకి నున్నగా చెయ్యాలి. సగం మంది చెయ్యరు, బిగించేసి పోతారు. టైల్సోళ్ళు ఇంకా ఘోరం. పనయ్యాక వైట్ సిమెంటు తట్ట ఆ ట్రాపు మీదే కడుగుతారు. అది లోపల పెచ్చు కట్టుద్ది. మొదటి వెంట్రుక ఆ పొట్టుకో, పెచ్చుకో తగులుకుంటే మిగిలినవి దాన్ని పట్టుకుంటాయి. పన్నెండింట్లో ఎప్పుడూ ఒకటే ముందు మూసుకుపోతుంటే పిల్లల్ని తిట్టకండమ్మా, మా వాళ్ళనే తిట్టండి.

తీయడానికి కొన్న సామాను అక్కర్లేదు. మెకానిక్ షెడ్డులో బండి పాత క్లచ్ వైరు అడగండి, ఊరికే ఇస్తారు. లోపలి తీగ ఓ రెండు మూరలు తీసుకుని, కొసన 2 అంగుళాలు పురి విప్పి, ఆ పోగుల్ని వెనక్కి కొంచెం వంచండి. ట్రాపులోకి దింపి ఒకేవైపు తిప్పాలి. అటూ ఇటూ తిప్పారంటే చుట్టుకున్నది వదిలేస్తది. బరువు తగిలాక మెల్లిగా లాగండి. పొడవద్దు, రబ్బరు పంపు కొట్టొద్దు. పొడిస్తే ముద్ద ట్రాపు దాటి 3 అంగుళాల లైన్లోకి దిగిపోద్ది, అప్పుడు టైల్సు పగలగొట్టాలి. చేతికి తొడుగు మాత్రం మర్చిపోకండి, తీగ పోగులు గుచ్చుకుంటాయి.

.

భీమవరం హాస్టల్ ఆంటీ:

మేస్త్రి గారూ, మీరు పక్కనుండి చూసినట్టే చెప్పారు. రెండో అంతస్తులో మధ్య బాత్రూమే ఎప్పుడూ ముందు! అక్కడుండే పిల్లలకి జుట్టెక్కువేమో అనుకుని ఓసారి వాళ్ళ గదులు కూడా మార్చాను. లెట్రిన్ బాగానే పోతోంది, చప్పుడేమీ లేదు. యాసిడ్ సంగతి ఎవరైనా చెప్పండి, కుర్రాడు సీసా తెచ్చి మెట్ల కింద పెట్టేశాడు.

.

అమలాపురం సైన్సు మాస్టారు:

ఆ సీసా అక్కణ్ణుంచి తీయించండమ్మా. బాత్రూం యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తెల్లటి ఉప్పుగారని కరిగిస్తుంది, వెంట్రుకని కాదు. వెంట్రుక కెరటిన్ అనే గట్టి ప్రోటీన్, ఆ మాత్రం ఆమ్లానికి లొంగదు. లొంగేది క్షారానికి. డ్రైన్ పొడుల్లో ఉండే కాస్టిక్ సోడా జుట్టుని మెత్తబరచి విడగొడుతుంది, నిజమే. అయితే నీళ్ళు తగలగానే అది విపరీతంగా వేడెక్కుతుంది. అప్పటికే మూసుకుపోయిన ట్రాపులో పోస్తే కదలకుండా అక్కడే ఉంటుంది. తర్వాత చెయ్యి పెట్టేది మీ పనమ్మాయి. చర్మం ఒలిచేస్తుంది, కంట్లో చుక్క పడితే చూపే పోవచ్చు. ఇక ఒకరు యాసిడ్ పోసిన చోటే ఇంకొకరు బ్లీచింగ్ పౌడర్ చల్లితే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపేసుకుని స్నానం చేసే గదిలో అది ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. 40 మంది ఆడపిల్లలున్న ఇంట్లో యాసిడ్, డ్రైన్ పొడి, ఈ రెంటిలో ఏదీ ఉంచకపోవడమే మేలని నా అభిప్రాయం.

వంటసోడా, వెనిగర్ చిట్కా కూడా ఎవరో ఒకరు చెప్తారు. బుసబుసా పొంగడం తప్ప వెంట్రుకకి ఏమీ కాదు. మరిగే నీళ్ళు కూడా వద్దు, పీవీసీ పైపులు మెత్తబడి వంగుతాయి.

మీ ఊళ్ళో ఇంకో చిక్కుంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు వాటితో కలిస్తే నురగకి బదులు నీళ్ళలో కరగని తెట్టు తయారవుతుంది. మీరు చెప్పిన బూడిదరంగు జిగురులో అది చాలా భాగం, మిగతాది తలనూనె. వెంట్రుకలు ఒక్కటే అయితే అంత ముద్ద కట్టవు. వీలైతే స్నానాలకి ట్యాంకులో మున్సిపాలిటీ నీళ్ళు కలిపి చూడండి, తేడా తెలుస్తుంది.

.

రాజోలు కోడలు:

ఆంటీ, నాది నడుం కిందకి దిగే జడ. మా అత్తగారిదీ అంతే. మా ఇంట్లో ఉన్న నియమం ఒక్కటే, తల తడపకముందే దువ్వాలి. మనిషికి రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే కదా. జడేసుకునే వాళ్ళకి అవి కింద పడవు, జడలోనే ఉండిపోతాయి. వారానికోసారి తలంటుకుంటే ఆ వారం రాలినవన్నీ ఒక్కసారి దిగుతాయి. అందుకే మీకు ఆదివారం అంత గోల. పొడిగా ఉన్నప్పుడు కొసల నుంచి పైకి చిక్కు తీస్తూ దువ్వితే సగానికి పైగా దువ్వెనకే వచ్చేస్తాయి. తడిశాక మా వల్ల కాదు.

వచ్చిన జుట్టు పారెయ్యం కూడా. మేకుకి ఒక కవరు తగిలించి అందులో వేస్తాం. సవరాలకీ, విగ్గులకీ చిక్కు జుట్టు కొనేవాళ్ళు వీధిలోకి వస్తారు కదా, కేక వినపడగానే అత్తగారు కవరు పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. స్టీలు గిన్నె దగ్గర ఆవిడ బేరం చూసి తీరాలి! మీ దగ్గర 40 మంది, గదికో కవరు తగిలించండి. డబ్బు పిల్లలకే ఇస్తానంటే వాళ్ళే దువ్వుకుంటారు.

కుంకుడుకాయలు వాడే పిల్లలుంటే రసం వడకట్టుకుని బాత్రూంలోకి తీసుకెళ్ళమనండి. తొక్కలు, సున్నిపిండి ఆ జుట్టులోనే ఇరుక్కుంటాయి.

.

ఆకివీడు రొయ్యల రైతు:

జాలీ మాట నేను చెప్తాను. మా చెరువుల్లో మేత ఎంత తిన్నాయో చూసుకోడానికి చెక్ ట్రేలు దింపుతాం. వాటికి సన్నకన్ను నైలాన్ వల ఉంటుంది. ఉప్పునీళ్ళలోనే ఉండే సరుకు, తుప్పు మాటే లేదు. పాత ట్రే వల గుండ్రంగా కత్తిరించి, జాలీ కింద కాకుండా పైన, జాలీ కంటే నాలుగు వేళ్ళు వెడల్పుగా పరిచి అంచుకి నాలుగు గులకరాళ్ళు పెట్టాను. వెడల్పు ఎక్కువ కాబట్టి మధ్యలో మూసుకున్నా పక్కల నుంచి నీళ్ళు దిగుతాయి. ఎండబెట్టి దులిపితే జుట్టు ఊడిపోతుంది. మా ఇంట్లో ఆడవాళ్ళు అయిదుగురు.

.

ముమ్మిడివరం కొబ్బరితోట:

అంత కష్టం దేనికండీ, జాలీ కింద గుప్పెడు కొబ్బరి పీచు పెడితే వడకట్టేయదూ?

.

పాలకొల్లు పైపుల మేస్త్రి:

బాబ్బాబు, పీచు వద్దండి. నాని, పోగులూడి, అదే ట్రాపులోకి దిగుద్ది. జుట్టూ పీచూ కలిసి పెనవేసుకుంటే నా క్లచ్ వైరుకి కూడా రాదు. మీ కొబ్బరి ఈనె మాత్రం పనికొస్తది, వాష్‌బేసిన్ చిల్లులో జుట్టు తీయడానికి.

రైతు గారి వల బాగుంది. గులకరాళ్ళే వద్దు, పిల్లల కాళ్ళకి తగుల్తాయి.

.

పాత హాస్టల్ పిల్ల:

నేను హాస్టళ్ళలోనే చదువుకున్నాను ఆంటీ. జాలీని కాలితో నెట్టేది బద్ధకం వల్ల కాదు. వేరేవాళ్ళ తడి జుట్టు ముట్టుకోవాలంటే కడుపులో తిప్పుతుంది, అంతే. నా జుట్టైతే రాలినప్పుడల్లా టైల్సు గోడకి అతికించి, స్నానమయ్యాక వేలితో చుట్టి తీసేసేదాన్ని. మా గదిలో అందరం అదే చేసేవాళ్ళం. కొందరు గోడ మీదే వదిలేసి పోతారనుకోండి, వాళ్ళతో రోజూ యుద్ధమే.

ఒక వార్డెన్ మేడమ్ ప్రతి బాత్రూంలో పాత పట్టుకారు ఒకటి తాడుతో కట్టించి, తలుపు పక్కన మూతున్న డబ్బా పెట్టించారు. చేత్తో ముట్టుకోనక్కర్లేదు కాబట్టి తీయడం మొదలెట్టాం. నోటీసులు ఎన్ని అంటించినా మేం చదవలేదు, ఆ మాట నిజం.

.

భీమవరం హాస్టల్ ఆంటీ:

రెండో అంతస్తు మధ్య బాత్రూం ట్రాపు తెరిపించాను. మేస్త్రి గారన్నట్టే లోపల వైట్ సిమెంటు పెచ్చు, గోలీ అంత. ఉలితో మెల్లిగా కొట్టి తీశారు. ఆ చుట్టూ పట్టుకున్న జుట్టు చూస్తే ఇల్లు కట్టినప్పటి నుంచీ ఉన్నదంతా అక్కడే ఉందనిపించింది. యాసిడ్ సీసా వెనక్కి పంపేశాను.

పట్టుకార్లకి వంటింట్లోవి పాతవి నాలుగు దొరికాయి, మిగతావి కొనాలి. వల కోసం ఉండిలో మా అన్నయ్య చెరువుకి కబురు చేశాను. కవర్ల సంగతి పిల్లలకి చెప్పగానే మొదటి ప్రశ్న "కేజీ ఎంతాంటీ?" అని. తలలు దువ్వుకునే ముందే లెక్కలు!

మేస్త్రి గారూ, ఒక్కటి అడగాలి. సంక్రాంతికి హాస్టల్ మూసి తెరిచేసరికి పై అంతస్తుల్లో బాత్రూములు కంపు కొడతాయి. అదీ జుట్టు వల్లేనా?

.

పాలకొల్లు పైపుల మేస్త్రి:

కాదమ్మా, వాడకం లేక ట్రాపులో నీళ్ళు ఎండిపోతాయి, పైపు గాలి తిన్నగా పైకొచ్చేస్తది. తాళం వేసే రోజు క్లచ్ వైరుతో ఓసారి జుట్టు తీసేసి, ఒక్కో దాంట్లో రెండు మగ్గుల నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వెయ్యండి. నూనె తేలి ఉంటే నీళ్ళు అంత తొందరగా ఆవిరవ్వవు. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డ కట్టుద్ది.