వెనక బ్రేక్ డ్రమ్ములోకి ఆయిల్ దిగింది: బ్రేక్ షూలు కడిగి వాడుకోవచ్చా, మార్చాల్సిందేనా?

అరకు ట్రాలీ

అందరికీ నమస్కారం. నాది నాలుగు చక్రాల చిన్న ట్రాలీ, 1,10,000 కి.మీ. తిరిగింది. వారానికి మూడు నాలుగు సార్లు అరకు నుంచి అనంతగిరి ఘాట్ మీదుగా ఎస్.కోట దిగుతాను, అల్లం, గుమ్మడికాయలు, కూరగాయలు, ఏ లోడు దొరికితే అది. పది రోజులుగా బ్రేక్ తొక్కితే బండి కొంచెం కుడికి లాగుతోంది. మొన్న ఘాట్‌లో టీ కోసం ఆపి హ్యాండ్ బ్రేక్ వేసి దిగాను, నాలుగడుగులు వేసేసరికి బండి మెల్లగా కదులుతోంది! పరిగెత్తుకెళ్లి చక్రం కింద రాయి పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటికొచ్చి ఎడమ వెనక చక్రం ఊడదీశాను. డ్రమ్ము లోపలంతా నల్లగా, జిగురుగా ఉంది. షూల లైనర్లు (డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పొరలు) తడిసి మెరుస్తున్నాయి. కుడి వైపు మాత్రం పొడిగా ఉంది. దగ్గరలోని షెడ్డులో చూపిస్తే పెట్రోల్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది బిగించేస్తాను, 300 రూపాయలు అన్నారు. లైనర్ మందం ఇంకా సగానికి పైగా ఉంది కాబట్టి మార్చడం దండగ అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

పాత లారీ డ్రైవర్

తమ్ముడూ, మా రోజుల్లో షూల మీద కాస్త పెట్రోల్ పోసి అగ్గిపుల్ల గీసేవాళ్లం. ఆయిలంతా కాలిపోయేది, తర్వాత రుద్ది బిగించేవాళ్లం. దారి మధ్యలో విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? అలాగే ఇంటికి చేరుకున్నాం.

గాజువాక షెడ్డు

అన్నగారూ, రోడ్డు మధ్యలో వేరే దారి లేక మీరు చేసినదాన్ని నేను తప్పు పట్టను. కానీ ఈ తమ్ముడు లోడుతో ఘాట్ దిగే మనిషి, ఇతనికి ఆ సలహా వద్దు.

లైనర్ గట్టి ఇనుప ముక్క కాదు, లోపల సన్నని రంధ్రాలుంటాయి. ఆయిల్ అందులోకి ఇంకిపోతుంది. పెట్రోల్‌తో కడిగితే పైది పోతుంది, చేత్తో ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది, ఊళ్లో తిరిగితే బ్రేకు కూడా బాగానే పడుతుంది. అసలు మోసం అక్కడే. ఘాట్‌లో నాలుగు మలుపులు దిగి డ్రమ్ము వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి ఉబుకుతుంది, సరిగ్గా బ్రేకు కావలసిన చోటే జారుతుంది. ఇక కాల్చడమంటే, లైనర్‌ని పట్టి ఉంచే రెజిన్ మాడిపోతుంది, తర్వాత పగిలి ముక్కలుగా రాలుతుంది. కొందరు రుద్దేసి, దుమ్మును గాలి గొట్టంతో ఊదేస్తారు, అదీ వద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడి గుడ్డతో తుడవండి.

కాబట్టి షూలు మార్చాల్సిందే, అదీ రెండు చక్రాలవీ. ఒక వైపు కొత్తవి, ఇంకో వైపు అరిగినవి ఉంటే రెండు వైపులా పట్టు ఒకేలా ఉండదు, మళ్లీ లాగుతుంది. డ్రమ్ము పారేయక్కర్లేదు, బ్రేక్ క్లీనర్ కొట్టి శుభ్రమైన గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ ఒకసారి క్లీనర్ కొడితే సరిపోతుంది. లోపల అరిగి మెట్టు పడిందేమో కూడా చూడండి. ఎంత వరకు అరగవచ్చో గరిష్ఠ వ్యాసం సాధారణంగా డ్రమ్ము మీదే అచ్చు వేసి ఉంటుంది, అది దాటితే లేత్ పట్టించి లాభం లేదు.

షూలు వేసే ముందు ఆ వచ్చింది ఏ ఆయిలో తేల్చుకోండి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గుతోందా?

అరకు ట్రాలీ

లేదన్నా, లెవెల్ అలాగే ఉంది. డ్రమ్ములోది ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధకం లాంటి వాసన ఘాటుగా వస్తోంది.

గాజువాక షెడ్డు

అయితే అది క్రౌన్‌లోని, అంటే వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టెలోని, గేర్ ఆయిలే. ఇంకా అనుమానముంటే ఒక చుక్క గ్లాసు నీళ్లలో వేయండి. మనం మామూలుగా పోసే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిలైతే నీళ్లలో కలిసిపోతుంది, గేర్ ఆయిల్ పైన తేలుతుంది. అంటే హౌసింగ్ (ఇరుసు చుట్టూ ఉండే గొట్టం) చివర ఆయిల్‌ను ఆపే యాక్సిల్ సీల్ పోయింది. కానీ సీల్ ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది కొట్టేస్తే నెల తిరక్కుండా కొత్త షూలు కూడా తడుస్తాయి. ముందు హౌసింగ్ పైనున్న బ్రీదర్, అంటే లోపలి గాలి పోయే చిన్న రంధ్రం, చూడండి. అది మూసుకుపోతే వేడికి లోపల ప్రెషర్ పెరిగి ఆయిల్‌ను సీల్ పక్కనుంచి బయటికి తోస్తుంది. బేరింగ్ వదులై ఆడుతున్నా సీల్ నిలవదు.

రైతుబజార్ వ్యాను

నాకు రెండేళ్ల క్రితం ఇదే జరిగింది, సీల్ రెండుసార్లు మార్చినా కారింది. చివరికి తేలిందేంటంటే షాఫ్ట్ మీద సీల్ అంచు ఆనే చోట గాడి పడింది. కంటికి కనిపించలేదు, గోరు పెట్టి లాగితే తగిలింది. సీల్ కూర్చునే సీటులో చోటు ఉంది కాబట్టి మెకానిక్ సీల్‌ను 2 మి.మీ. లోపలికి దించి కొట్టాడు, అంచు కొత్త చోట ఆనింది, మళ్లీ కారలేదు.

ఇంకో సంగతి. నా బండిలో షూలు బిగించే వెనక ప్లేటంతా కిరోసిన్‌తో కడిగారు, 20 రోజుల్లో షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకు పట్టేసింది. ఆ రబ్బరుకు కిరోసిన్, డీజిల్, పెట్రోల్ ఏవీ పడవు. మీదాంట్లో గేర్ ఆయిల్ సిలిండర్ పై రబ్బరు టోపీల దాకా వెళ్లిందేమో చూడండి, మెత్తబడి ఉంటే ఆ కిట్టు కూడా వేయించుకోండి.

అరకు ట్రాలీ

ఆరు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఇద్దరూ చెప్పినట్టే ఉంది. బ్రీదర్ నిండా ఎండిన బురద, పిన్నుతో పొడిస్తే ఫుస్సుమని గాలి వచ్చింది. క్రౌన్‌కి ఆయిల్ పోసే ప్లగ్ తీస్తే ఆయిల్ బయటికి పారింది, ఎవరో ఎక్కువ పోసేశారు. రంధ్రం కింది అంచు దాకా ఉంటే చాలట. షాఫ్ట్ మీద గాడి లేదు, బేరింగ్ గట్టిగానే ఉంది. సీల్, నాలుగు షూలు, ఎడమ సిలిండర్ కిట్టు వేయించాను, బ్రేక్ పైపుల్లో ఎయిర్ తీయించాను. 300 కాస్తా 2,900 అయింది. నిన్న ఖాళీ బండితో ఎస్.కోట వెళ్లొచ్చాను, లాగడం లేదు. హ్యాండ్ బ్రేక్ మాత్రం పైదాకా లాగితేనే పడుతోంది.

గాజువాక షెడ్డు

చాలా సంతోషం తమ్ముడూ. హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఇప్పుడే బిగించకు. ముందు షూలకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే అడ్జస్టర్‌ను డ్రమ్ము కొంచెం రాసుకునేదాకా తిప్పి, రాపిడి పోయేవరకు వెనక్కి వదిలి, ఆ తర్వాతే కేబుల్ పని. కేబుల్ ముందే లాగేస్తే షూలు విడవకుండా రాసుకుని డ్రమ్ము కాగుతుంది. 200 కి.మీ. వరకు లోడు తక్కువ వేసుకో, గట్టిగా తొక్కకుండా మెల్లగా బ్రేకు వేస్తూ షూలను డ్రమ్ముకు కుదురుకోనివ్వు. అన్నట్టు, రాత్రిళ్లు బండి ఎడమకు వాలిన చోట పెడుతున్నావా?

అరకు ట్రాలీ

అవునన్నా, ఇంటి ముందు కాలువ వైపు వాలు ఉంది. రోజూ అక్కడే.

గాజువాక షెడ్డు

ఎక్కువ పోసిన ఆయిల్ రాత్రంతా ఆ సీల్ మీదే నిలిచి ఉంటుంది. చదునుగా ఉన్న చోట పెట్టు. వారం తర్వాత వెనక ప్లేటు కింది అంచు వేలితో తడిమి చూడు. తడి తగిలితే ఇంకో లోడు వేయకుండా డ్రమ్ము ఊడదీసి, ఫోటో ఇక్కడ పెట్టు.