మీటింగ్ గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చేశా, లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చెప్తారా

గేటుదగ్గర_నేను:
మందు ఆపేసి ఇవాళ్టికి 19 రోజులు. ఇంతకుముందు రెండుసార్లు ఆపా, రెండుసార్లూ నెల తిరక్కముందే మళ్లీ మొదలెట్టా. ఈసారి ఒక్కడి వల్ల కాదనిపించి ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే గ్రూపు) వెబ్‌సైట్‌లో దగ్గర్లో మీటింగ్ ఎక్కడుందో వెతుక్కుని మొన్న వెళ్లా, వెళ్లానంటే గేటు దాకే. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. అందరూ ఏడుస్తూ కూర్చుంటారనుకున్నా మరి, ఆ నవ్వులకే భయమేసింది. ఫోన్ వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగా, చూసేవాళ్లు ఎవరూ లేరు కూడా, ఎవరి కోసం నటించానో.

లేచి నిలబడి "నేను తాగుబోతుని" అని చెప్పాల్సిందేనా? పేరూ అడ్రసూ రాసుకుంటారా? నాకు దేవుడు అంటే పెద్దగా నమ్మకం లేదు, అక్కడ అంతా దేవుడే అంటున్నారు, నిజమేనా? తెలిసినవాళ్లు కనిపిస్తే ఎలా?

పాతకాపు:
తమ్ముడూ (చిన్నవాడివే అనుకుంటున్నా, పెద్దవాడివైతే ఏమనుకోకు), నేను మానేసి 11 ఏళ్లు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు గేటు కూడా చూడలేదు, సందు మొదట్లోంచే వెనక్కి. నీ రికార్డు నాకంటే నయం.

పేరు రాసుకోరు, అడ్రస్ అసలే అడగరు. ఇంటిపేరు లేకుండా ఉత్త పేరు చెప్తే చాలు. నీ వంతు వస్తే "ఇవాళ వింటానండి" అను, ఎవరూ బలవంతం చెయ్యరు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో సలహాలివ్వడం చాలా గ్రూపుల్లో ఉండదు, ఇంట్లో అందరి లెక్చర్లూ విని వచ్చినవాడికి అదెంత హాయో వెళ్తేగానీ తెలీదు. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది, ఇష్టమైతే వెయ్యి లేకపోతే పక్కకి అందించు, ఫీజు లేదు. మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. తెలిసినవాడు కనిపించాడా, వాడూ నీలాగే అక్కడికి వచ్చాడు, మీ ఇద్దరి గుట్టూ ఒకటే ఇంక ఏముంది.

ఒక్క పని చెయ్యి. పది నిమిషాలు ముందెళ్లి కుర్చీలు వేస్తున్నవాళ్లతో చెయ్యి కలుపు, చేతిలో పనుంటే కంగారు తగ్గుతుంది. అయిపోగానే పారిపోకు, అసలు మాటలు బయట నిలబడ్డాకే మొదలవుతాయి, ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకో, బాగున్న రోజే ఊరికే ఒకసారి ఫోన్ చేసి చూడు, ఎందుకంటే తాగాలనిపించిన రాత్రి కొత్త నంబర్ నొక్కడానికి వేలు కదలదు. ఏఏ పుట్టిందే ఫోన్ కాల్‌తో. 1935లో బిల్ విల్సన్ అనే ఆయన అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్లో వ్యాపారం బెడిసికొట్టి హోటల్లో ఒంటరిగా ఉన్నాడు, పక్కనే బార్, అందులోకి వెళ్లకుండా ఫోన్ దగ్గరికి వెళ్లి తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని వెతుక్కున్నాడు, అలా డాక్టర్ బాబ్ దొరికాడు, ఆ ఇద్దరూ కలిసి మొదలెట్టిందే ఏఏ.

లెక్కల_మనిషి:
దేవుడి విషయం నేను చెప్తా, నేను నాస్తికుణ్ణి. ఏఏ వాళ్లు పాటించే 12 మెట్లలో (12 స్టెప్స్ అంటారు) దేవుడి మాట ఉంది, లేదంటే అబద్ధం. "ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి" అని కూడా ఉంది, కొందరికి ఆ గ్రూపే దేవుడు. నాకు కుదర్లేదు, 1994 నుంచీ ఉన్న స్మార్ట్ రికవరీ అనే ఇంకో గ్రూపుకి వెళ్లా, అందులో దేవుడి ప్రసక్తి ఉండదు. అక్కడ స్పాన్సర్ (ఏఏలో కొత్తవాళ్లకి తోడుండి దారి చూపే పాత మెంబరు) ఉండడు, తాగాలనిపించినప్పుడు బుర్రలో ఏం నడుస్తుందో కాయితం మీద పెట్టి చూస్తారు, ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవచ్చు, ఆన్‌లైన్ మీటింగులు కూడా బోలెడు. కానీ న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి, 2020లో కాక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే సంస్థ) 27 స్టడీలు కలిపి చూస్తే, పూర్తిగా మానేసి ఉండటంలో ఏఏ వైపు నడిపించే ప్రోగ్రాములు మిగతా ట్రీట్‌మెంట్ల కంటే కాస్త ముందే ఉన్నాయి. నాకు నచ్చలేదు గానీ లెక్క లెక్కే. ఏదైనా సరే ఒక్క మీటింగ్ చూసి తేల్చెయ్యకు, గ్రూపు గ్రూపుకీ వాతావరణం వేరు.

నైట్‌డ్యూటీ:
వార్డులో పనిచేస్తా కాబట్టి ఒక మాట. ఇది చదివి రోజూ బాగా తాగేవాళ్లెవరైనా ఇవాళ్టి నుంచే ఠక్కున ఆపేద్దాం అనుకుంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మొదటి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, అయోమయం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. దానికి మందులున్నాయి. మీటింగ్ ఆ పని చెయ్యదు.

ఎదురుచూపు:
మా ఆయన వెళ్లనంటే నేను వెళ్లానండి, ఆల్-అనాన్‌కి, అది ఇంట్లోవాళ్ల కోసం, 1951 నుంచీ ఉంది. ఆయన రాలేదు ఇంకా. నేను మాత్రం సీసాలు లెక్కపెట్టడం మానేశా. బాబూ, మీ ఇంట్లోవాళ్లని తీసుకెళ్లాలంటే "ఓపెన్" అని రాసున్న మీటింగ్ చూసుకోండి, "క్లోజ్డ్" అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

గేటుదగ్గర_నేను:
వెళ్లా!! కుర్చీలు వేశా. నా వంతు వచ్చేసరికి గొంతు పూడుకుపోయి పేరొక్కటే చెప్పా, అంతే, పక్కాయనకి వెళ్లిపోయింది. రెండు నంబర్లు తీసుకున్నా, ఇంకా చెయ్యలేదు. ఎవరేం చెప్పారో బయట చెప్పకూడదు కదా కాబట్టి రాయను గానీ, ఒకాయన సీసా ఎక్కడ దాచేవాడో చెప్తుంటే ఆ నవ్వులెందుకో అర్థమైంది. నేనూ అచ్చం అక్కడే దాచేవాణ్ణి. గురువారం మళ్లీ, కుర్చీలు నాకే అప్పజెప్పారు.