రోడ్ బైక్‌కి తేలిగ్గా కాలు పెట్టి తీసే క్లిప్‌లెస్ పెడల్స్ ఏవి?

బరంపురం_సైకిల్:
అందరికీ నమస్తే. మాది బరంపురం, పొద్దున్నే గోపాల్‌పూర్ బీచ్ దాకా వెళ్లి రావడం, ఆదివారం అయితే హైవే మీద ఇచ్ఛాపురం వైపో రంభ వైపో, ఇదీ నా రైడింగ్. ఇప్పటిదాకా ఫ్లాట్ పెడల్సే, క్లిప్‌లెస్‌కి, అదే షూ అడుగు పెడల్‌లో ఇరుక్కునే రకానికి, మారదామని ఉంది గానీ భయం ఒక్కటే, ఊళ్లో ఆటో ఎక్కడ ఆగుద్దో తెలీదు, ఆవులు సరేసరి, టక్కున కాలు బయటికి రాకపోతే ఏటి పరిస్థితి? పైగా వైజాగ్‌లో ఉన్న మా బావ తన పాత రోడ్ షూస్ ఊరికే ఇస్తానంటున్నాడు, సైజు సరిపోయింది, అడుగున మూడు బోల్టు కన్నాలున్నాయి. వాటికి పట్టే పెడల్స్ కొనాలా, షూస్ కూడా కొత్తవి తీసుకోవాలా? రేసులు గీసులు ఏం లేవు.

జయపురం_ఘాట్:
తమ్ముడూ, పెడల్ తర్వాత, ముందు షూ సంగతి తేల్చుకో. మూడు కన్నాలంటే రోడ్ పెడల్ రకాలు, షిమానో ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ గానీ లుక్ కియో గానీ, పెద్ద ప్లాస్టిక్ క్లీట్ (షూ అడుగున బిగించే ముక్క, పెడల్‌లో ఇరుక్కునేది అదే), సోల్ కిందకి పొడుచుకొచ్చి ఉంటుంది, టీ కొట్టు దగ్గర దిగి నాలుగడుగులు వేస్తే గచ్చు మీద జారుడు, రోడ్డు మీద అరుగుడు. రెండు కన్నాల షూ అయితే ఎస్‌పీడీ, చిన్న ఇనప క్లీట్, సోల్ లోపలికి దిగి ఉంటుంది కాబట్టి మామూలుగానే నడవొచ్చు. 1990లో షిమానో దీన్ని తెచ్చిందే మౌంటెన్ బైకుల కోసం, వాళ్లు బురదలో దిగి నడవాలి కదా, మన వానాకాలం ఎర్రమట్టికీ అదే కావాలి. నన్నడిగితే షిమానో ఎస్‌పీడీ పెడల్స్‌లో ఎమ్520 తీసుకో. రెండు వైపులా క్లిప్ ఉంటుంది, కిందకి చూడక్కర్లేదు, ఏ వైపు తగిలినా పడుద్ది. క్లిప్ పట్టు ఎంత బిగుతుగా ఉండాలో మార్చుకునే టెన్షన్ స్క్రూ ఉంటుంది, 3 ఎంఎం ఎలెన్ కీతో బాగా లూజ్ చేసుకో, కానీ ఒక్కో పెడల్‌కి రెండు వైపులా ఉంటాయి కాబట్టి మొత్తం నాలుగు స్క్రూలు, చాలామంది రెండు తిప్పేసి ఒకసారి తేలిగ్గా వస్తోంది ఒకసారి రావట్లేదు అని పెడల్‌ని తిడతారు.

పర్లాకిమిడి_పెడల్:
అన్న చెప్పింది కాదనను గానీ ఊరికే వచ్చే షూస్ వదులుకోమంటే ఎలా? రోడ్ బైక్ కొన్నాక రోడ్ పెడలే వేయాలంటాను నేను. లుక్ వాళ్లు స్కీయింగ్ బూట్ల బైండింగ్ చూసి 1984లో ఈ పెడల్ తెచ్చారు, మర్సటేడే ఫ్రాన్స్ రేసర్ బెర్నార్ ఇనో వాటితో టూర్ డి ఫ్రాన్స్ కొట్టాడు, అప్పట్నించి రోడ్డు మీద ఇదే నడుస్తోంది. పాదం కింద వెడల్పుగా ఉంటుంది, ఎక్కువ దూరం పోయినప్పుడు ఒకే చోట ఒత్తుకోదు. షిమానోలో పసుపు క్లీట్ తీసుకో, 6 డిగ్రీలు పాదం అటూ ఇటూ ఆడుద్ది, మోకాలికి మంచిది. నీలం 2 డిగ్రీలే, ఎరుపు అసలు కదలదు, దాని జోలికి పోకు. పెడల్ ఒక వైపే పడుద్ది నిజమే, కానీ వెనక బరువుంటుంది కాబట్టి మొన పైకే లేచి ఉంటుంది, ముందు వేళ్ల వైపు దూర్చి తొక్కితే చాలు.

బరంపురం_సైకిల్:
ఇద్దరూ ఇద్దరే 😄 హైవే మీద సరే, మా ఊళ్లో బస్టాండు దాటేలోపే ఎన్నిసార్లు కాలు కింద పెట్టాలో. ఇంకోటి, ఇదే సైకిల్ మీద సాయంత్రం చెప్పులేసుకుని బజారుకి కూడా పోతాను, ఎమ్520 మీద చెప్పులతో తొక్కొచ్చా?

రాయగడ_రోడ్లు:
చెప్పులతో ఎమ్520 మీద జారుద్ది బాబూ, దూరం పోలేవు. నీలాంటోళ్లకే షిమానో ఈహెచ్500 పెడల్ ఉంది, ఒక వైపు ఫ్లాట్, ఒక వైపు ఎస్‌పీడీ. ఏ వైపు పైకొచ్చిందో చూసుకోవాలి, అదొక్కటే చిరాకు. ఇంకా ముఖ్యమైనది ఎవరూ చెప్పలేదు, క్లీట్. ఎమ్520 డబ్బాలో ఎస్‌హెచ్51 ఉంటుంది, మడమ పక్కకి తిప్పితేనే ఊడుద్ది. ఎస్‌హెచ్56 అడిగి తీసుకో, గట్టిగా పైకి లాగినా ఊడొచ్చేస్తుంది, కంగారులో మనిషి చేసేది అదే కదా. తప్తపాణి ఘాట్‌లో లేచి నిలబడి తొక్కుతూ లాగితే అనుకోకుండా ఊడే ఛాన్స్ ఉంది, అలవాటయ్యాక 51కి మారిపో. బావ షూస్‌కి అడాప్టర్ ప్లేట్ పెట్టి ఎస్‌పీడీ క్లీట్ బిగించొచ్చు గానీ క్లీట్ ఇంకా కిందకి వచ్చేస్తుంది, నడక బాధ తీరదు.

ఆగేటప్పుడు ఎడమ కాలే తియ్, మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి రోడ్డంచు అటే ఉంటుంది, కుడికి ఒరిగితే లారీ కిందకే. ఆగాక కాదు, ఆవు కనపడగానే తీసెయ్. ముందు ఇంట్లో గోడ పట్టుకుని పెట్టడం తీయడం ప్రాక్టీస్ చెయ్.

బిగించడానికి భయమక్కర్లేదు, మీ వీధి సైకిల్ షాపాయన క్లిప్‌లెస్ చూడకపోయినా ఎడమ పెడల్ ఉల్టా మర అని ఆయనకి తెలుసు, కాస్త గ్రీజు రాయించు. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి, తుడిచి చుక్క నూనె వేస్తుండు. క్లీట్ బోల్టులు 4 ఎంఎం ఎలెన్ కీతో గట్టిగా బిగించి, కొత్తలో ప్రతి రైడ్ ముందూ చూసుకో, ఒక బోల్టు ఊడిపోయిందంటే షూ తిరుగుద్ది గానీ క్లీట్ తిరగదు, ఇంక కాలు రాదు.